నొక్కితే ఏమీ కాదు

అత్తయ్య కంప్యూటర్ తెరుచుకునేలోపు కోడలు కూరగాయలు తరిగి, పొయ్యి మీద వేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. అప్పటికీ తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉండేది. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. "దానికీ నాకూ మోకాళ్ళ నొప్పులే. నన్ను పరిగెత్తమనరు కదా, దాన్నెందుకు తొందరపెడతారు?" అనేది.

అత్తయ్య పోయాక ఆ గది తలుపు దగ్గరకు వేసే ఉంటోంది. ఆమె రాసే బ్లాగు మాత్రం తెరిచే ఉంది. దాని పేరు "నొక్కితే ఏమీ కాదు". కంప్యూటరంటే జంకే పెద్దవాళ్ళ కోసం, ముఖ్యంగా పిల్లల్ని అడిగితే విసుక్కుంటారని మొహమాటపడే వాళ్ళ కోసం ఆమె దాన్ని మొదలుపెట్టింది. చదివేవాళ్ళు ఆమెను కంప్యూటరత్తయ్య అని పిలిచేవారు. ఆమె ఇక లేదని కోడలు నాలుగు వాక్యాలు రాసి పెట్టింది. నాలుగు వాక్యాలు రాయడానికి ఆమెకు ఒక ఆదివారం పట్టింది. దాని కింద వచ్చిన వ్యాఖ్యల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: బ్లాగు మూసేయకండి.

అందుకని బడికి సెలవులివ్వగానే కోడలు ఆ గదిలోకి వెళ్ళింది. ఐదో తరగతికి పాఠాలు చెప్పే మనిషి కాబట్టి ముందు పనుల వరస వేసుకుంది. బ్లాగులో బొమ్మలు మరీ పెద్దవి, ఒక్కో పేజీ తెరుచుకునేసరికి చదివేవాళ్ళకు ఓపిక పోతుంది. వాటిని కుదించాలి. పాత టపాల్లో కొన్ని లింకులు ఎటూ పోవు. వాటిని సరిచేయాలి. కొత్తగా వచ్చేవాళ్ళకు ఏది ఎక్కడుందో తెలిసేలా విషయాల వారీగా సర్దాలి. ఇవన్నీ చేయాలంటే ముందు ఈ కంప్యూటర్ కాస్త కదలాలి.

కదిలించడానికి అత్తయ్య చెప్పిన పద్ధతే పాటించింది. "మీ కంప్యూటర్‌కు వయసైపోయిందా?" అని అత్తయ్యే రాసిన టపా ఒకటుంది. దాన్ని కంప్యూటర్లోనే తెరిచి, ముందే చదివి గుర్తుపెట్టుకుంది. ముందు చెత్తబుట్ట ఖాళీ చేయమంది అందులో. "ఇంట్లో చెత్త వారాల తరబడి ఉంచుకుంటామా? మరి అక్కడెందుకు?" అని రాసింది. కోడలికి నవ్వొచ్చింది. అత్తయ్య బుట్ట మూతి దాకా నిండి ఉంది. చెప్పేవాళ్ళకు చెప్పడమే గానీ చేయడం ఉండదు కాబోలు అనుకుంది. శాశ్వతంగా తొలగించమంటారా అని అడిగింది మెషీను. అవునని నొక్కింది. కాగితం నలిపినట్టు చిన్న చప్పుడైంది.

తర్వాత అక్కర్లేకపోయినా మొదట్లోనే లేచి కూర్చునే ప్రోగ్రాములను ఆపింది. వాడని వాటిని తీసేసింది. చివరిగా డిస్కు సర్దే పని. పాతకాలపు డిస్కుల్లో ఒకే ఫైలు ముక్కలు ముక్కలుగా తలో మూలా పడి ఉంటుందట. ఆ ముక్కలన్నిటినీ పక్కపక్కకు జరిపి, మధ్యలో ఖాళీలు పూడిస్తే వేగం పెరుగుతుందట. దాన్ని మొదలుపెట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలైంది. పెట్టె లోపలి నుంచి గింజలు చెరిగినట్టు చప్పుడు వస్తోంది.

మామయ్య రెండు గ్లాసులతో టీ తెచ్చాడు. గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే ఒక గ్లాసు చాపాడు. ఆమె లేచి వెళ్ళి అందుకుంది.

"ఏమంటోందమ్మా మీ అత్తయ్య పెట్టె?"

"బరువు కాస్త దించాను మామయ్యా. సాయంత్రానికి పరిగెడుతుంది."

"పరిగెత్తడమా! అది మీ అత్తయ్య చేతిలో పెరిగింది. పిలిస్తే పలికితే చాలు." ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "ఇంతకీ బుట్టలోవి చదివావా? ఎలా ఉన్నాయి?"

"ఏ బుట్ట?"

"అదే, అందులో చెత్తబుట్ట ఉంటుందిగా. ఆసుపత్రికి వెళ్ళేముందు రాసినవన్నీ అందులోనే ఉన్నాయని చెప్పింది. ఇంకా దిద్దాలట. దిద్దకుండా నీకు చూపిస్తే ఎర్రసిరా కుమ్మరిస్తావట."

ఆమె చేతిలో గ్లాసు కాలుతోంది. కింద పెట్టాలని తోచలేదు.

"బుట్టలో... ఎందుకు పెట్టారు మామయ్యా?"

"ప్రెస్సు రోజుల అలవాటు. తను ప్రూఫులు దిద్దేది, నేను మెషీను మీద. బల్ల మీద కాగితం కనిపిస్తే చాలు, అయిందో లేదో చూడకుండా ఎత్తుకుపోయేవాళ్ళం. అందులో నేనే మొదటి దొంగని. అందుకని దిద్దడం పూర్తికాని కాగితాలన్నీ కాళ్ళ దగ్గర చెత్తబుట్టలో పెట్టుకునేది. బుట్టలో ఎవడూ చెయ్యి పెట్టడు కదా! సాయంత్రం తనే తీసి, దులిపి, మళ్ళీ రాసుకునేది. ఇందులోనూ అదే. తను దాచుకోవాలనుకున్నదంతా అక్కడే." ఆయన నవ్వాడు. చాలాకాలానికి నవ్వాడు. "తీసి పక్కన పెట్టుకున్నావుగా?"

"తీశాను మామయ్యా."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకు నమ్మకం కలగలేదు. ఆయన మాత్రం నమ్మాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆమె బుట్ట తెరిచింది. తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. మూసి మళ్ళీ తెరిచింది. వెతికే చోట అత్తయ్య వాడే మాటలు కొట్టింది. చక్రం తిరిగి తిరిగి, ఏమీ దొరకలేదంది. వెనక్కి తెచ్చే మీట ఏదైనా ఉంటుందేమోనని అటూ ఇటూ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ పెట్టె లోపల గింజలు ఇంకా గట్టిగా చెరుగుతున్నట్టు వినిపించింది.

భర్తకు ఫోన్ చేద్దామనుకుంది. ఆయన పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఏమని చెప్పాలి? మీ అమ్మ చివరి రోజుల్లో రాసుకున్నవి చెత్త అనుకుని పారేశానని చెప్పాలా? ఫోన్ చేతిలోకి తీసుకుంది గానీ ఆ నంబరు నొక్కలేదు. ఆ ఫోన్లోనే అత్తయ్య బ్లాగు తెరిచింది. బుట్ట ఖాళీ చేయమన్న ఆ టపా కింద ఎవరో ఒకాయన అడిగినట్టు లీలగా గుర్తు: పొరపాటున అక్కరకొచ్చేది కూడా పోతే ఏం చేయాలని. అత్తయ్య జవాబిచ్చినట్టూ గుర్తు. ఆ జవాబు ఏమిటో గుర్తు లేదు.

పేజీ తెరుచుకోవడం మొదలైంది. ముందు పేరొచ్చింది. తర్వాత మొదటి బొమ్మ. తెరను అలాగే పట్టుకుని బొమ్మ తీసుకునే పద్ధతి ఉన్నా అత్తయ్యకు నచ్చేది కాదు. కెమెరాతో తెరను ఫోటో తీసేది. ఎక్కడ నొక్కాలో తన వేలితోనే చూపించేది. ఇప్పుడా వేలు పైనుంచి కిందికి, పట్టీ పట్టీగా వస్తోంది. ముందు గోరు. తర్వాత కత్తితో తెగిన పాత మచ్చ. తర్వాత కణుపు. కోడలు పళ్ళు బిగబట్టి తెరను పైకి తోస్తోంది. వ్యాఖ్యలు అన్నిటికన్నా అడుగున ఉంటాయి. అక్కడికి చేరాలంటే ఈ బొమ్మలన్నీ రావాలి. మళ్ళీ వేలు. మళ్ళీ వేలు. ఎదురుగా ఆకుపచ్చ గీత పాకుతోంది.

"రండి అత్తయ్యా," అంది పైకే. "త్వరగా రండి."

వచ్చింది. ఆ పెద్దమనిషి ప్రశ్న, కింద అత్తయ్య జవాబు:

"ముందు చేతులు వెనక్కి తీసుకోండి. బుట్టలోంచి తీసేసినా కాగితం వెంటనే చిరిగిపోదు. ఆ చోటు ఖాళీ అని మెషీను రాసుకుంటుంది, అంతే. దాని పైన ఇంకోటి వచ్చి పడేదాకా కిందది ఉంటుంది. పడిందా, ఇక బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. అందుకని ఏమీ నొక్కకండి, ఏమీ దించుకోకండి, ఏమీ సర్దకండి. ఆపేసి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మళ్ళీ తెరవొద్దని వాళ్ళకూ చెప్పండి. ఆగనని మొరాయిస్తే ప్లగ్గు పీకేయండి. అలుగుతుంది గానీ చావదు."

ఏమీ సర్దకండి.

సర్దుతోంది. ఇటునుంచి ముక్కలెత్తి అటు ఖాళీల్లో పోస్తోంది. ఖాళీ అని రాసుకున్న చోట్లన్నిటిలో. ఇన్ని నిమిషాలుగా, ఆమె టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డంతసేపూ, మామయ్య నవ్వినంతసేపూ.

ఆపు అన్న మీట మీద నొక్కింది. మీట లోపలికి పోయి అలాగే ఉండిపోయింది. గీత కదులుతూనే ఉంది. మళ్ళీ నొక్కింది. తెర మసకబారింది. చక్రం వచ్చింది. చప్పుడు ఆగలేదు. ప్లగ్గు బల్ల కింద, గోడ దగ్గర ఉంది. వంగింది. చేయి ప్లగ్గు మీద పడ్డాక ఆగిపోయింది. అత్తయ్య చావదంది. అత్తయ్య చాలా వాటి గురించి అలాగే అనేది. ఆసుపత్రికి వెళ్ళే పొద్దున కూడా, ఏం ఫరవాలేదు, రెండు రోజుల్లో వస్తాను, పొయ్యి దగ్గర గిన్నెలు మార్చకు అంది. మధ్యలో పీకితే ముక్క ఎత్తిన చేతిలోనే ఉండిపోతే? ఉన్నవి కూడా పోతే?

లోపల గింజలు చెరుగుతున్నాయి.

పీకేసింది.

చప్పుడు ఒక్కసారిగా ఆగలేదు. గాలిచక్రం తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి, ఆఖర్న చిన్నగా టిక్కుమంది. ఆమె బల్ల కిందే కూర్చుండిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లో మామయ్య గ్లాసు కడుగుతున్న నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఈ పెట్టెను ఆయన కళ్ళ ముందు నుంచే బయటికి మోసుకెళ్ళాలి. వేగం పెంచే సామాను వేయించడానికి అని చెప్పొచ్చు. ఒక అబద్ధం ఎలాగూ చెప్పింది. రెండోది నోటి చివరి దాకా వచ్చింది కూడా. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"మామయ్యా, నేను అబద్ధం చెప్పాను. బుట్ట ఖాళీ చేసేశాను. చూడకుండా చేశాను."

ఆయన కొళాయి కట్టేశాడు. గ్లాసు బోర్లించబోయి, మామూలుగా పెట్టి, మళ్ళీ బోర్లించాడు.

"మొత్తం పోయిందా?"

"తెలీదు."

"తెలీదంటే? కొంత ఉన్నట్టా?"

"తెలీదు మామయ్యా. తర్వాత ఇంకో తప్పు కూడా చేశాను. దాంతో ఉన్నవాటి మీద వేరేవి పడి ఉండొచ్చు. ఇప్పుడే ఆపాను. షాపుకి తీసుకెళ్ళాలి."

ఆయన ఆమెవైపు చూడలేదు. చేతులు తుడుచుకుంటూ గది దాకా నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి అడుగుపెట్టాడు. అత్తయ్య పోయాక ఆయన ఆ గదిలోకి వెళ్ళడం ఆమె చూడలేదు. వంగి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇంకా వేడిగా ఉంది," అన్నాడు.

"మామయ్యా, నన్ను ఏమైనా అనండి."

"అంటాను. అనాలనే ఉంది. ఇప్పుడు కాదు. దుప్పటి పట్రా, చుడదాం. బస్సులో కుదుపులుంటాయి."

బస్సులో ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా మోకాళ్ళు పైకెత్తి, దెబ్బ తనే కాచుకున్నాడు. పక్కనున్నాయన జరుగుతూ, "టీవీయా పెద్దాయనా?" అన్నాడు. "కాదు," అన్నాడు మామయ్య. కోడలు కడ్డీ పట్టుకుని నిలబడి ఆయన చేతులనే చూస్తోంది.

రిపేరు షాపు మెట్ల కింద ఒక ఇరుకు గది. నుదుటి మీదికి కళ్ళద్దాలు నెట్టుకున్న మెకానిక్ దుప్పటి విప్పి, "పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చారే!" అని, అలవాటుగా ప్లగ్గు తగిలించి స్విచ్చి వైపు వేలు చాపాడు.

"వద్దు!" కోడలు స్విచ్చి మీద అరచెయ్యి అడ్డుపెట్టింది. పక్కన కుర్చీలో ఎదురుచూస్తున్న ఇద్దరూ తలెత్తారు.

"చూడకుండా ఎలా చెప్పనమ్మా?"

"తెరిస్తే దానంతటది ఏవో రాసుకుంటుంది. వద్దు. బుట్ట ఖాళీ చేశాను. తర్వాత సర్దడం కూడా పెట్టాను. సగంలో పీకేశాను."

"సర్దడం కూడానా?" అతను కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "చేయాల్సినవన్నీ చేసే వచ్చారన్నమాట."

"చేసింది. దిద్దుకుందామనే వచ్చింది," అన్నాడు మామయ్య. "అవుతుందో కాదో చెప్పు నాయనా."

"చెప్పలేను పెద్దాయనా. డిస్కు విప్పి నా మెషీనుకి తగిలిస్తా. దాని మీద ఏమీ రాయను, చదువుతా. ఉన్నది వస్తుంది. లేనిది రాదు. కూర్చోండి."

కూర్చున్నారు. ఎదురుగా వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. ఒకావిడ కీబోర్డులో టీ ఒలికిందని వచ్చి, మెకానిక్‌తో కీచులాడి వెళ్ళింది. మామయ్య దుప్పటిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. కోడలు ఆయనతో ఏదైనా మాట్లాడాలనుకుంది. ప్రతి మాటా సంజాయిషీలాగే వినిపిస్తుందని ఊరుకుంది. వస్తే ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. రాకపోతే రేపు పొద్దున టీ గ్లాసు ఆయన చేతిలోంచి ఎలా అందుకోవాలో కూడా తెలియలేదు.

"రండి," అన్నాడు మెకానిక్.

ఇద్దరూ తెర ముందుకు వెళ్ళారు. పేర్లన్నీ పోయాయట. అక్షరాలున్న ఫైళ్ళు ఇవీ అని చూపించాడు. మొదటిది తెరిచాడు. ఖాళీ. రెండోది తెరిచాడు. చదరపు పెట్టెలు, ప్రశ్న గుర్తులు, అర్థం లేని గీతలు. దీని మీద వేరేది పడిపోయిందన్నాడు. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. కోడలు కుర్చీ వీపు పట్టుకుంది. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

ఆఖరిది తెరిచేసరికి తెలుగు వచ్చింది.

వరసగా, మామూలుగా, అత్తయ్య పెట్టే పొడుగాటి ఖాళీలతో సహా వచ్చింది. "నా కళ్ళకు ఆనదు," అన్నాడు మామయ్య. "నువ్వు చదువమ్మా."

ఆమె చదివింది. బడిలో చదివే గొంతుతో మొదలుపెట్టింది. ఇంకో గొంతు తెచ్చుకుంటే నిలబడదని తెలుసు.

"మీ బ్లాగుకు చదివేవాళ్ళు పెరగాలంటే రంగులు మార్చక్కర్లేదు. ఒక్క పని చేయండి. వ్యాఖ్య రాసినవాళ్ళకు జవాబివ్వండి. ఇంటికొచ్చినవాళ్ళను పలకరించకుండా కూర్చుంటామా? బాగుందని రాస్తే సంతోషమనండి. బాగాలేదని రాస్తే ఎక్కడో చెప్పమనండి. తిడితే ఒక పూట ఆగి జవాబివ్వండి, ఆ పూటలో మీ కోపమూ తగ్గుతుంది, వాళ్ళదీ తగ్గుతుంది. పేరు చెప్పకుండా రాసేవాళ్ళను చిన్నచూపు చూడకండి. పేరు చెప్పుకోలేని వాళ్ళకే ఎక్కువ మాటలుంటాయి. నా బ్లాగులో 'పాత మెషీను' అనే ఆయన మొదటి టపా నుంచీ రాస్తున్నాడు. ఆయనెవరో నాకు తెలియదని ఆయన నమ్మకం."

మామయ్య చేతిలో దుప్పటి జారి కింద పడింది.

"తెలుసా దానికి?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియలేదు. "ఇన్నాళ్ళూ... తెలిసే జవాబిచ్చిందా?"

కోడలు ఆయన్ను చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది. వేలు తెర మీద పెట్టుకుని చదివింది.

"ఆయన పక్క గదిలోనే మావాడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాస్తాడు. వేళ్ళు లావు కాబట్టి మీటలు గట్టిగా కొడతాడు, గోడ ఇవతలికి వినిపిస్తుంది. చప్పుడు ఆగిన కాసేపటికి నాకు వ్యాఖ్య వస్తుంది. చాలాసార్లు నవ్వాపుకోలేక దుప్పటి కప్పుకున్నాను. ఎదురుగా ఒక్క మంచిమాట అనడానికి నోరు రాని మనిషి అక్కడెంత బాగా రాస్తాడో! నేను ఇక్కడ ఇచ్చిన జవాబులు కాక, ఆయనకు చెప్పాల్సిన అసలు జవాబు ఒకటి మిగిలింది. అది ఏమిటంటే"

ఆమె ఆగింది.

"ఏమిటంటే?" అన్నాడు మామయ్య.

"ఇక్కడి నుంచి గుర్తులు మామయ్యా. అక్షరాలు లేవు."

"ఎంత ఉంది ఇంకా?"

ఆమె తెరను కిందికి జరిపింది. "ఈ పేజీ చివరిదాకా ఉంది."

"దాని మీద వేరేది పడింది పెద్దాయనా," అన్నాడు మెకానిక్ మెల్లగా. "అది మీ ఆవిడ రాసింది కాదు. అందులో ఏమీ ఉండదు."

మామయ్య ఒక స్టూలు లాక్కుని, కోడలి పక్కన వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"చదువమ్మా," అన్నాడు.

పాఠంలో అర్థం లేనిది ఒక్క మాట కూడా పిల్లలకు చదివి వినిపించని మనిషి ఆమె. వేలు మొదటి గుర్తు కింద పెట్టింది.

"పెట్టె," అంది. "పెట్టె. ప్రశ్న గుర్తు. ఒక గీత. మళ్ళీ పెట్టె."

ఆయన తల ఊపాడు. ఆమె తర్వాతి వరసకు వెళ్ళింది.